రేషియో 52 వచ్చిందంటే ప్రీఎక్లాంప్సియా ఖాయమేనా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ చెల్లెలికి తొలి కాన్పు, 31వ వారం నడుస్తోంది, మొన్నటిదాకా మామూలుగా ఉన్న బీపీ ఈ మధ్య ఒకరోజు 142/92, మర్నాడు 144/90 వచ్చింది, యూరిన్ స్ట్రిప్‌లో ప్రోటీన్ ట్రేస్ అని ఉంది, డాక్టరు రక్తంలో ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ అనే రెండు ప్రోటీన్ల రేషియో టెస్టు రాస్తే 52 అని రిపోర్టు వచ్చింది. ఇంటర్నెట్‌లో చూస్తే 38 దాటితే ప్రమాదం అని కనపడింది, ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఇక ప్రీఎక్లాంప్సియా (గర్భం సగం దాటాక బీపీ పెరిగి కిడ్నీ, లివరు లాంటి అవయవాలను దెబ్బతీసే జబ్బు) ఖాయమేనా, ఇంకా ఏవైనా కొత్త మార్కర్లు (జబ్బును పట్టిచ్చే పరీక్షలు) చేయిస్తే కచ్చితంగా తేలిపోతుందా అని అడుగుతున్నారు.

ఖాయం కాదు. అలాగని పక్కన పడేయాల్సిన నంబరూ కాదు. హైరిస్క్ గర్భాలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఈ టెస్టు గురించి పేషెంట్ల ఇళ్లలో జరిగే గాభరాలో సగం దాన్ని తలకిందులుగా చదవడం వల్లే వస్తుంది. ఇది ప్రధానంగా "ఇప్పట్లో రాదు" అని చెప్పడానికి పనికొచ్చే టెస్టు. "వస్తుంది" అని చెప్పడంలో దాని మాట అంత గట్టిది కాదు. మీ చెల్లెల్ని నేను చూడలేదు, కాబట్టి నిర్ణయాలు ఆమె డాక్టరువే. నంబర్లను ఎలా చదవాలో మాత్రం వివరంగా రాస్తాను.

ముందు ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ ఏమిటో తెలిస్తే మిగతాది తేలిక. గర్భం మొదటి సగంలో మాయ (ప్లాసెంటా) గర్భాశయ గోడలోకి చొచ్చుకెళ్లి, అక్కడి సన్నని మెలికల రక్తనాళాలను వెడల్పు చేసుకోవాలి. కొందరిలో ఆ పని సగంలోనే ఆగిపోతుంది. నెలలు గడిచి బిడ్డ అవసరం పెరిగేసరికి మాయకు రక్తం చాలక, అది తల్లి రక్తంలోకి రకరకాల పదార్థాలు వదలడం మొదలుపెడుతుంది. వాటిలో ముఖ్యమైనది ఎస్‌ఫ్లిట్-1. రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండడానికి వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే రెండు ప్రోటీన్లు కావాలి, ఈ ఎస్‌ఫ్లిట్ వెళ్లి వాటిని పట్టేసుకుని పనిచేయనివ్వదు. దాంతో తల్లి ఒంట్లో నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, కిడ్నీ వడపోత దెబ్బతిని ప్రోటీన్ కారుతుంది, ఇంకా ముదిరితే లివరు, మెదడు, ప్లేట్‌లెట్లు. అంటే ఎస్‌ఫ్లిట్ పెరుగుతూ, పీఎల్‌జీఎఫ్ తగ్గుతూ ఉంటే మాయ ఇబ్బందిలో ఉందని అర్థం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే మీ 52.

ఇదేదో లెక్కల్లో కుదిరిన సంబంధం మాత్రమే కాదు. 2003లో అనంత్ కరుమంచి బృందం ఎలుకల్లో ఎస్‌ఫ్లిట్‌ను పెంచి చూస్తే బీపీ, మూత్రంలో ప్రోటీన్, కిడ్నీలో ప్రీఎక్లాంప్సియాలో కనిపించే మార్పులు, అన్నీ వచ్చాయి. గర్భం లేని ఎలుకల్లో కూడా. క్యాన్సర్‌కు వాడే బెవాసిజుమాబ్ అనే మందు వీఈజీఎఫ్‌ను అడ్డుకుంటుంది, ఆ మందు వాడే రోగుల్లో కూడా బీపీ పెరగడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం మామూలుగా చూసే సైడ్ ఎఫెక్టులే. గర్భంతో సంబంధం లేని మనుషుల్లో కూడా అదే తంతు జరుగుతోందంటే ఈ మార్కర్లు జబ్బు నడిచే దారిలోనే ఉన్నాయన్నమాట. 2004లో వచ్చిన మరో పరిశోధనలో, జబ్బు బయటపడడానికి సుమారు 5 వారాల ముందు నుంచే ఎస్‌ఫ్లిట్ ఎక్కువగా పెరగడం మొదలవుతుందని తేలింది. డాక్టర్లు దీన్ని నమ్మడం అప్పటినుంచి మొదలైంది.

ఇక మీరు చూసిన 38 సంగతి. 2016లో వచ్చిన ప్రోగ్నోసిస్ అనే అధ్యయనం నుంచి వచ్చిన హద్దు అది. 24వ వారం నుంచి 37వ వారం లోపు, ప్రీఎక్లాంప్సియా ఉందేమోనని అనుమానం వచ్చిన వాళ్లకు చేశారు. రేషియో 38 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో వచ్చే వారం రోజుల్లో జబ్బు రాకపోవడం 99.3 శాతం నిజమైంది. చాలా గట్టి మాట ఇది, హాస్పిటల్లో అనవసరంగా పడుకోబెట్టకుండా ఇంటికి పంపడానికి సరిపోతుంది. అదే 38 దాటినవాళ్లలో నాలుగు వారాల్లో జబ్బు నిజంగా వచ్చింది ఎంతమందికంటే 36.7 శాతం. తిప్పి చదివితే, 38 దాటిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరికి ఆ నాలుగు వారాల్లో ఏమీ రాలేదు. ఇంటర్నెట్‌లో 38 దాటితే ప్రమాదం అని రాసేవాళ్లు ఈ మాట రాయరు, మీ టెన్షన్‌కు కారణం అదే.

52 అనేది ఆ హద్దు దాటింది, కానీ 34 వారాల లోపు "దాదాపు ప్రీఎక్లాంప్సియానే" అని అనుకునే 85 దాకా పోలేదు. 38కి, 85కి మధ్య ఉన్న ఈ నడిమి జాగాలో ఉన్నవాళ్లకు జబ్బు ఇప్పుడే ఉందని అనరు, రాబోయే నాలుగు వారాలు దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలంటారు. 34 వారాలు దాటాక పై హద్దు 85 కాదు, 110 తీసుకుంటారు, ఎందుకంటే నెలలు నిండేకొద్దీ అందరిలోనూ మాయ ముసలిదవుతుంది, పీఎల్‌జీఎఫ్ దానంతట అదే తగ్గుతుంది, ఎస్‌ఫ్లిట్ పెరుగుతుంది. అందుకే తొమ్మిదో నెలలో ఈ టెస్టుకు పదును తక్కువ. కవలలున్నా నంబరు సహజంగానే ఎక్కువ వస్తుంది, ఒక్క బిడ్డ ఉన్నవాళ్ల హద్దులు అక్కడ వర్తించవు.

ఇంకో విషయం, ఇది చాలామంది అడగరు. రిపోర్టులో కింద సన్న అక్షరాల్లో ఏ మెషిన్, ఏ కిట్ మీద చేశారో చూడండి. నేను పైన చెప్పిన 38, 85, 110 హద్దులు రోష్ వాళ్ల ఎలెక్సిస్ కిట్‌వి. అమెరికాలో 2023లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించినది క్రిప్టార్ అనే వేరే కిట్, దాని హద్దు 40, అది చెప్పేది కూడా వేరు: బీపీతో హాస్పిటల్లో చేరినవాళ్లలో, 23 నుంచి 35 వారాల లోపు, రెండు వారాల్లో తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా వస్తుందా లేదా. కొన్నిచోట్ల రేషియో లేకుండా పీఎల్‌జీఎఫ్ ఒక్కటే చేస్తారు, అందులో 100 కంటే తక్కువైతే అసాధారణం, 12 లోపు మరీ తక్కువ. అది తిరగేసి చదవాలి, అక్కడ తక్కువ నంబరే చెడ్డది. ఒక కిట్ నంబరును ఇంకో కిట్ హద్దుతో పోల్చకూడదు. మళ్లీ చేయించాల్సి వస్తే అదే ల్యాబులో, అదే కిట్ మీద చేయించండి, లేకపోతే పెరిగిందో తగ్గిందో చెప్పడానికి ఉండదు.

ఈ టెస్టు అసలు ఎక్కడ మెరుస్తుందో చెప్పాలి, ఎందుకంటే డాక్టరు రాసింది డబ్బు కోసమేనేమో అని కూడా మీరు ఒక మాట అన్నారు. గర్భానికి ముందు నుంచే బీపీ ఉన్న ఆమెను తీసుకోండి, లేదా కిడ్నీ జబ్బు, లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడిచేసే జబ్బు) ఉన్న ఆమెను. వాళ్లకు బీపీ ముందే ఎక్కువ, మూత్రంలో ప్రోటీన్ ముందే పోతోంది. ఏడో నెలలో అవి ఇంకాస్త పెరిగితే అది పాత జబ్బు తిరగబెట్టిందా, ప్రీఎక్లాంప్సియా కలిసిందా అన్నది మామూలు టెస్టులతో తేల్చడం నరకం. లూపస్ తిరగబెడితే మందులు పెంచాలి, ప్రీఎక్లాంప్సియా అయితే కాన్పు గురించి ఆలోచించాలి, రెండు దారులూ పూర్తిగా వేరు. ఆ సమయంలో రేషియో మామూలుగా వస్తే మాయ తప్పు లేదని చాలావరకు తేలుతుంది. మీ చెల్లెలి విషయంలో కూడా, బీపీ హద్దు మీద ఉంది, ప్రోటీన్ ట్రేస్ దగ్గర ఆగింది, ఏదీ తేలని స్థితి. టెస్టు రాయడం సబబే అని నా అభిప్రాయం. బీపీ 120/70 ఉండి, ఏ అనుమానమూ లేనివాళ్లకు ఊరికే రాస్తే మాత్రం నేనే ఎందుకని అడుగుతాను.

ఎందుకో చిన్న లెక్క వేసి చూపిస్తా. వెయ్యి మంది గర్భిణులున్నారు, వాళ్లలో 30 మందికి ప్రీఎక్లాంప్సియా రాబోతోంది అనుకుందాం. ఒక మంచి టెస్టు ఉంది, రాబోయేవాళ్లలో 80 శాతం మందిని పట్టుకుంటుంది, రానివాళ్లలో 10 శాతం మందిని మాత్రమే పొరపాటున పాజిటివ్ అంటుంది. కాగితం మీద గొప్పగా కనిపిస్తుంది కదా. ఇప్పుడు పాజిటివ్ వచ్చినవాళ్లు ఎవరు? నిజంగా రాబోయేవాళ్లు 24 మంది, ఊరికే పాజిటివ్ వచ్చినవాళ్లు 97 మంది. అంటే పాజిటివ్ వచ్చిన ఐదుగురిలో నలుగురికి ఏమీ కాదు, కానీ ఐదుగురి ఇళ్లలోనూ నిద్ర ఉండదు. అనుమానం ఉన్నవాళ్లకే చేస్తే ఈ లెక్క మెరుగవుతుంది. ఇంటర్నెట్‌లో "90 శాతం కచ్చితత్వం" అని కనపడిన ప్రతి మార్కర్‌నూ ఈ లెక్కలో వేసి చూడండి.

మీరు జాబితా పెట్టిన కొత్త మార్కర్లన్నీ, పీపీ13, ఎండోగ్లిన్ అనే ప్రోటీన్లు, మైక్రో ఆర్ఎన్ఏలు, రక్తంలో తేలే ఆర్ఎన్ఏ, మూత్రంలో కాంగో రెడ్ రంగు పరీక్ష, వీటిలో చాలావరకు ఇక్కడే చతికిలపడ్డాయి. చిన్న గుంపులో బాగా పనిచేసినది పెద్ద గుంపులో తేలిపోతుంది. ఇంకో కారణం, ప్రీఎక్లాంప్సియా అనేది ఒక్క జబ్బులా ప్రవర్తించదు. 34 వారాల లోపు వచ్చేది ఎక్కువగా మాయ లోపం, దానికి మాయ నుంచి వచ్చే మార్కర్లు బాగా పలుకుతాయి. నెలలు నిండాక వచ్చేదాంట్లో తల్లి బరువు, షుగరు, ముందు నుంచే ఉన్న నాళాల ఆరోగ్యం కూడా కలుస్తాయి, అక్కడ అవే మార్కర్లు తడబడతాయి. ఆర్ఎన్ఏ మీద 2022లో మంచి పేపర్లే వచ్చాయి, దానిమీద నాకు ఆశ ఉంది. కానీ 31వ వారంలో బీపీ 144 ఉన్న మనిషికి ఇవాళ వాటితో చేసేదేమీ లేదు. డబ్బు దండగ, రిపోర్టు కోసం ఎదురుచూపు అదనం.

పాత టెస్టులను తక్కువ చూడకండి. బీపీతోపాటు ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, లివర్ ఎంజైములు, అవసరమైతే ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము). రేషియో రాబోయేదాని గురించి చెబుతుంది, ఇవి ఇప్పటికే ఏ అవయవం దెబ్బతింటోందో చెబుతాయి, కాన్పు నిర్ణయాలు ఎక్కువగా వీటి మీదే నడుస్తాయి. ప్లేట్‌లెట్లు లక్ష లోపుకు పడిపోవడం, లివర్ ఎంజైములు మామూలుకు రెట్టింపు కావడం, క్రియాటినిన్ 1.1 దాటడం, వీటిలో ఏది వచ్చినా మూత్రంలో ప్రోటీన్ లేకపోయినా ప్రీఎక్లాంప్సియా అనే అంటారు, 2013 నుంచి అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా అదే పాటిస్తోంది. క్రియాటినిన్ విషయంలో చాలామంది మోసపోతారు: గర్భంలో కిడ్నీలు ఎక్కువ పనిచేస్తాయి కాబట్టి అది మామూలు కంటే తగ్గాలి, ల్యాబు ప్రింటు చేసిన "నార్మల్ రేంజ్" గర్భిణుల కోసం రాసినది కాదు, 0.9 చూసి నార్మల్ అని వదిలేయకూడదు.

మూత్రంలో ట్రేస్ గురించి. స్ట్రిప్ మీద ట్రేస్ అంటే దాదాపు ఏమీ చెప్పనట్టే. నీళ్లు తక్కువ తాగినా, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా, తెల్లబట్ట కలిసినా వస్తుంది. ప్రోటీన్-క్రియాటినిన్ రేషియో చేయించండి, అది 0.3 దాటితే లెక్కలోకి తీసుకుంటారు, 24 గంటల మూత్రమైతే 300 మిల్లీగ్రాములు. ఒకసారి ఉందని తేలాక వారం వారం ఎంత పెరిగిందని కొలవడం వల్ల ఉపయోగం లేదు, ప్రోటీన్ ఎంత పోతోందన్న దాన్నిబట్టి కాన్పు చేయరు. యూరిక్ యాసిడ్ కూడా అంతే. ప్రీఎక్లాంప్సియాలో అది పెరుగుతుందన్న మాట వందేళ్లుగా ఉంది, నిజమే, కానీ ఎవరికి జబ్బు వస్తుందో ముందుగా చెప్పడంలో అది బలహీనం. యూరిక్ యాసిడ్ ఒక్కటి 6.5 వచ్చిందని కంగారుపడి వచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తుంటాను.

అన్నిటికంటే చవకైన మార్కర్ బీపీ, దాన్నే సరిగా కొలవరు. మెట్లెక్కి వచ్చిన వెంటనే, మాట్లాడుతూ, చిన్న కఫ్ లావు చేతికి బిగించి కొలిస్తే వచ్చే నంబరుకు విలువ లేదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో, కఫ్ చేతికి సరిపడేది. ఇంట్లో మెషిన్ కొంటే గర్భిణుల్లో పరీక్షించి సరైనదని తేల్చిన మోడలా కాదా అడగండి, మామూలు ఆటోమేటిక్ మెషిన్లు కొన్ని ప్రీఎక్లాంప్సియాలో అసలు కంటే తక్కువ చూపిస్తాయి. 140/90 నాలుగు గంటల తేడాతో రెండుసార్లు వస్తే, 20 వారాలు దాటాక, అది గర్భంలో వచ్చిన బీపీ కిందికి వస్తుంది. మీ చెల్లెలు రెండు రోజుల్లో రెండుసార్లు దాటింది, ఇతర రక్తపరీక్షలు బాగుంటే ప్రస్తుతానికి ఆమెకు పెట్టాల్సిన పేరు అదే, ప్రీఎక్లాంప్సియా కాదు. ఇక్కడ సంఘాల మధ్య తేడా ఉంది, చెప్పడం న్యాయం: గర్భంలో బీపీ మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఎస్‌ఎస్‌హెచ్‌పీ 2021లో ఈ మార్కర్లు గతి తప్పడాన్ని కూడా ప్రీఎక్లాంప్సియా నిర్వచనంలో చేర్చింది, అమెరికా సంఘం 2020లో ఇచ్చిన నిర్వచనంలో అది లేదు. కాబట్టి ఇద్దరు డాక్టర్లు ఒకే రిపోర్టు చూసి రెండు పేర్లు చెబితే ఆశ్చర్యపోకండి, జాగ్రత్తలు మాత్రం ఇద్దరూ ఒకటే చెబుతారు.

ఇప్పుడేం చేస్తారు? 52 వచ్చినవాళ్లకు సాధారణంగా వారంలో ఒకటి రెండుసార్లు బీపీ, రక్తపరీక్షలు, బిడ్డ ఎదుగుదల స్కాన్, బొడ్డుతాడు డాప్లర్ (రక్తం ఎలా ప్రవహిస్తోందో చూసే స్కాన్) చూస్తారు. మాయ ఇబ్బందిలో ఉంటే అది ఒక్కోసారి తల్లి బీపీ కంటే ముందు బిడ్డ బరువులో కనిపిస్తుంది, అందుకే స్కాన్ వాయిదా వేయకండి. బీపీ మందు మొదలుపెడితే వద్దనకండి, లాబెటలాల్, నిఫెడిపిన్ గర్భంలో బాగా అలవాటైన మందులే. రేషియోను ఒకటి రెండు వారాల తర్వాత ఇంకోసారి చూడొచ్చు, చూస్తే దానివల్ల చేసే పని మారుతుందా అని డాక్టరును అడగండి. పీఎల్‌జీఎఫ్‌ను మాటిమాటికీ చేస్తే బిడ్డలకు మేలు జరుగుతుందా అని బ్రిటన్‌లో పరీక్షించారు, 2024లో ఫలితాలు వచ్చాయి, మేలేమీ కనపడలేదు. అదే మొదటిసారి చేసిన టెస్టు మాత్రం జబ్బును గుర్తించే సమయాన్ని సగానికి పైగా తగ్గించిందని 2019లో తేలింది, 4.1 రోజుల నుంచి 1.9 రోజులకు. మొదటి టెస్టుకు ఉన్న విలువ ఐదో టెస్టుకు ఉండదు.

రేషియో రేపు 30కి దిగినా సరే, ఇవి కనిపిస్తే రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని హాస్పిటల్‌కు వెళ్లండి: పారాసెటమాల్‌కు తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, ముఖం ఒక్కసారిగా ఉబ్బడం, బిడ్డ కదలికలు తగ్గడం. బీపీ 160/110 చూపిస్తే ఒక పావుగంటలో మళ్లీ కొలవండి, తగ్గకపోతే రాత్రి రెండయినా బయల్దేరాలి. కాళ్ల వాపు ఒక్కటే అయితే కంగారు లేదు, అది చాలామందికి ఉంటుంది.

ప్రీఎక్లాంప్సియా రాకుండా ఇచ్చే ఆస్పిరిన్ ఇప్పుడు మొదలుపెట్టొచ్చా అని మీ తర్వాత ఇంకొకరు అడిగారు. 31వ వారంలో మొదలుపెట్టి లాభం లేదు, దానికి సమయం 16 వారాల లోపు, మాయ నాళాలు సర్దుకుంటున్నప్పుడు. 11 నుంచి 14 వారాల మధ్య తల్లి చరిత్ర, బీపీ, గర్భాశయ నాళాల డాప్లర్, రక్తంలో పీఎల్‌జీఎఫ్, వీలైతే పాప్-ఏ అనే మాయ ప్రోటీన్ కలిపి లెక్క వేస్తారు. ఆ లెక్కలో రిస్కు ఎక్కువ వచ్చినవాళ్లకు రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ 36 వారాల దాకా ఇచ్చి చూశారు, 2017లో వచ్చిన ఆస్ప్రే ట్రయల్ అది. 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. నెలలు నిండాక వచ్చేదాని మీద మాత్రం పెద్ద ప్రభావం కనపడలేదు. ఈసారి ఏమైనా కానివ్వండి, వచ్చే కాన్పుకు మీ చెల్లెలు మూడో నెలలోనే డాక్టరుకు ఈ రిపోర్టులన్నీ చూపించాలి, ఫైలు పారేయకండి.

కాన్పు అయిపోయాక ఇళ్లలో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఎస్‌ఫ్లిట్ కూడా రెండు మూడు రోజుల్లోనే పడిపోతుంది. బీపీ మాత్రం కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య గరిష్ఠానికి చేరే అలవాటున్నది, సరిగ్గా డిశ్చార్జి అయ్యే సమయానికి. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. కాబట్టి ఇంటికెళ్లాక వారం పది రోజులు రోజుకు రెండుసార్లు బీపీ రాసిపెట్టండి, పైన చెప్పిన లక్షణాలు అప్పుడూ అంతే వర్తిస్తాయి, ఆరు వారాల చెకప్‌కు ఆ కాగితం పట్టుకెళ్లండి. కిట్ పేరు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, లివర్ ఎంజైముల నంబర్లు ఇక్కడ పెడితే మిగతాది చూసి చెబుతాను.